కొత్త సంవత్సరం వాగ్దాన కార్డు: విశ్వాసమా, జాతకమా?

గుంటూరు విశ్వాసి:
డిసెంబర్ 31 దగ్గరపడుతోంది కాబట్టి అడుగుతున్నాను. వాచ్ నైట్ సర్వీస్‌లో పన్నెండు కొట్టగానే బైబిల్ వచనాలు అచ్చువేసిన వాగ్దాన కార్డుల పళ్లెం తిప్పడం చాలా సంఘాల్లో అలవాటు. కళ్లు మూసుకుని ఒకటి తీస్తాం, ఇక ఏడాదంతా అదే "నా వాగ్దానం". ఈ పద్ధతి మానేయాలని నా అభిప్రాయం.

మా వదిన డీఎస్సీకి చదివింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత 2024లో నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు, చివరికి పరీక్ష పెట్టింది 2025లో. ఈలోగా కొత్త సంవత్సరం వచ్చినప్పుడల్లా ఆమె చేతికి "ఈ సంవత్సరమే నీకు ద్వారం తెరుస్తాను" తరహా కార్డు. డిసెంబరుకల్లా ఉద్యోగం రాలేదన్న బాధకు తోడు "నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉంది" అన్న బాధ. మొదటిదానికి ప్రభుత్వాన్ని అడగాలి. రెండోది మనం పెట్టిందే కదా?

ఏలూరు సిస్టర్:
వందనాలు బ్రదర్. చీట్లు వేయడం బైబిల్లో లేనిదేం కాదు. యేసును పట్టించిన యూదా స్థానంలో మత్తీయను అపొస్తలుడిగా ఎన్నుకున్నది చీట్లతోనే. చీటీ ఒడిలో పడ్డా తీర్పు యెహోవాదేనని సామెతలు 16:33 చెప్పట్లేదా? జర్మనీలో హెర్న్‌హూట్ ఊరి మొరేవియన్ క్రైస్తవులు 1728 నుంచి రోజుకో వచనం ఇచ్చుకుంటున్నారు, 1731 నుంచి పుస్తకంగా వేస్తున్నారు. పాత నిబంధన వచనాలను ఇప్పటికీ చీటీ తీసే ఎంచుతారు. వాళ్లూ జాతకం చూసుకున్నట్టేనా?

బెరయవాడు:
సిస్టర్ గారూ, మొరేవియన్ల వచనం అందరికీ ఒకటే, అదీ ఒక్క రోజుకి. "ఇది నాకు, ఈ ఏడాదికి" అని ఎవరూ జేబులో వేసుకోరు. మత్తీయ సంగతి పెంతెకొస్తుకు, అంటే పరిశుద్ధాత్మ దిగిరావడానికి, ముందు జరిగింది. ఆ తర్వాత అపొస్తలులు చీట్లు వేసినట్టు ఎక్కడా లేదు.

అసలు చిక్కు వేరే ఉంది. కార్డుల మీద తరచూ కనబడేది యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశాలు, మంచి భవిష్యత్తు, బాగానే ఉంది. దాని పై వచనం ఏ కార్డు మీదైనా చూశారా? "బబులోనులో డెబ్బై సంవత్సరాలు గడిచిన తర్వాతే" అని ఉంటుంది. యెరూషలేము నుంచి చెరపట్టి తీసుకుపోయినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఇల్లు చూసి ఉండరు.

ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్లండి. హనన్యా అనే ప్రవక్త ఆలయంలో జనమందరి ముందు నిలబడి రెండేళ్లలో అంతా సర్దుకుంటుందన్నాడు. ఆ రోజుల్లో కార్డులు వేసి ఉంటే హనన్యావే అమ్ముడుపోయేవి. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. దేవుని కోసం కనిపెట్టుకుని ఉండటమంటే నాకు అర్థమైంది ఇదే.

హైదరాబాద్ యూత్:
మా చర్చిలో అయితే నచ్చిన వచనం రాకపోతే పక్కవాళ్లతో మార్చుకుంటారు! పోయినసారి ఒక అంకుల్‌కి శ్రమల గురించి వచ్చింది. పళ్లెంలో పెట్టేసి ఇంకోటి తీసుకున్నారు.

ఏలూరు సిస్టర్:
నవ్వండి, పర్లేదు. బెరయవాడు గారు చెప్పింది కాదనను. కానీ మా అమ్మ సంగతి వినండి.

అమ్మ బైబిల్ కవరు జిప్పులో పాత కార్డులన్నీ ఉన్నాయి, వెనకాల తేదీ రాసి. నాన్నకు డయాలసిస్ మొదలైన ఏడాది వచ్చింది యెషయా 40:31, యెహోవా కోసం ఎదురు చూసేవాళ్లు కొత్త బలం పొందుతారని. ఆ కార్డు అంచులు చెమటకు మెత్తబడి పీచులా లేచాయి, గులాబీ బొమ్మ సగం చెరిగిపోయింది. నాన్న దక్కలేదు. అమ్మ ఆ కార్డు పారేయలేదు, నాకు మాట తప్పాడని దేవుణ్ణి అననూ లేదు. లోపల మిషను తిరిగే నాలుగు గంటలూ బయట బెంచీ మీద ఆమెకు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. అక్కడికెళ్లి డెబ్బై ఏళ్ల లెక్క చెప్పగలమా?

గుంటూరు విశ్వాసి:
చెప్పలేం సిస్టర్. కానీ మీ అమ్మగారి కార్డులో గడువు లేదు. బలం ఇస్తానన్నాడు, ఫలానా నెలకల్లా నయం చేస్తాననలేదు. నా గొడవంతా "ఈ సంవత్సరమే" అని అచ్చువేసి, ఫ్రేము కట్టి అమ్మేవాళ్లతోనే.

డల్లాస్ బ్రదర్:
వాచ్ నైట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఇక్కడ నల్లజాతి సంఘాల్లో ఆ రాత్రికి ఇంకో చరిత్ర ఉంది. 1862 డిసెంబర్ 31 రాత్రి వాళ్లు మేలుకుని ప్రార్థించింది మర్నాడు అమెరికా అధ్యక్షుడు లింకన్ ఇవ్వబోయే బానిస విమోచన ప్రకటన కోసం. 1863 జనవరి 1న అది వచ్చింది. మా టెక్సస్‌లో గాల్వెస్టన్‌కు సైన్యం వచ్చి బానిసలంతా స్వతంత్రులని ప్రకటించింది మాత్రం 1865 జూన్ 19న. కాగితం మీద స్వతంత్రులై కూడా రెండున్నరేళ్లు పొలాల్లో బానిసలుగానే పనిచేశారు. మాట నిజమే, చేరడానికే అంత కాలం. ఇక్కడ గ్రీన్ కార్డు కోసం ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్‌ని నెలనెలా చూసుకునే మనవాళ్లు "ఈ ఏడాదే" అని కార్డు తీసి టెన్షన్ పడుతుంటే నాకు ఈ చరిత్రే చెప్పాలనిపిస్తుంది.

మెథడిస్టు మనవడు:
మా తాతగారి సంఘంలో ఏడాది మొదట్లో నిబంధన ఆరాధన ఉండేది. మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన వెస్లీ 1755లో మొదలుపెట్టింది. అందులో మనం దేవుణ్ణి ఏమీ ఇమ్మని అడగం. పనిలో పెట్టినా సరే, పక్కన పెట్టినా సరే అని ఒప్పుకుంటాం. కార్డు తీయడం కంటే కష్టం. బహుశా అందుకే జనం తగ్గారు.

ఏలూరు సిస్టర్:
సరే, మా సంఘంలో కార్డులు ప్రింటుకిచ్చేది నేనే. "ఈ సంవత్సరమే" అన్నవి తీసేస్తాను. యిర్మీయా 29:11 వేస్తే పదో వచనం కూడా కలిపి వేయిస్తాను. 13వ కీర్తన మొదటి వచనం, "ఎంతకాలం నన్ను మరచిపోతావు" అన్నది కూడా వేయించనా? ఎవరైనా తీసుకుంటారంటారా?

హైదరాబాద్ యూత్:
వేయించండి ఆంటీ. అయ్యగారు చూసేలోపే ప్రెస్సుకి పంపేయండి.