500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కి 11 కేవీ వైపు ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వేయాలి?

చీమకుర్తి_పాలిషింగ్:
మాది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. సొంత ట్రాన్స్‌ఫార్మర్, 500 కేవీఏ, 11 కేవీ/433 వోల్టులు. 11 కేవీ వైపు లోడ్ బ్రేక్ స్విచ్ (లోడు మీదే తెరిచే స్విచ్), అందులో హెచ్‌ఆర్‌సీ ఫ్యూజులు (పెద్ద షార్ట్ కరెంటుని ఆపే గొట్టం ఫ్యూజులు). నెల కిందట ఒకటి పోతే 31.5 ఆంపియర్లదే దొరికింది, అదే వేశాం. మిషన్లన్నీ నడుస్తున్నా దానికేం కాదు. కరెంటు పోయి తిరిగొచ్చిందంటే మాత్రం ఠప్పున పోతుంది. ఇప్పటికి మూడు మార్చాం. షాపతను 100 ఆంపియర్లది వేసేయ్, ఇంక ఆ గొడవే ఉండదంటున్నాడు. వేయొచ్చా?

కావలి_రిటైర్డ్:
వద్దు నాయనా. 31.5 ఎందుకు పోతోందో ముందు చూడు. 500ని 1.732తో, మళ్లీ 11తో భాగిస్తే ఫుల్ లోడు 26.2 ఆంపియర్లు. దాని పక్కన 31.5 పెడితే సరిపోయినట్టే ఉంటుంది, చాలామంది పొరబడేది అక్కడే. ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ అయ్యే క్షణంలో లోడుతో పనిలేకుండా ఇన్‌రష్ కరెంటు లాగుతుంది. దాన్ని ఫుల్ లోడుకి 12 రెట్లుగా, 0.1 సెకనుకి లెక్క కడతాం. మీకు 315 ఆంపియర్లు. ఫ్యూజు తయారీదారు ఇచ్చే టైమ్-కరెంట్ కర్వ్ (ఎంత కరెంటుకి ఎంతసేపట్లో కరుగుతుందో చూపే గీత) తీసుకుని, 0.1 సెకను దగ్గర అది ఎంత కరెంటుకి కరుగుతుందో చూడు. 315 కన్నా బాగా ఎక్కువ ఉండాలి.

చీమకుర్తి_పాలిషింగ్:
కర్వ్ తెప్పించి చూశాను సార్. మేం వాడే కంపెనీ ఫ్యూజుల్లో 50 ఆంపియర్లది ఆ 315కి ఆనుకుని ఉంది. 63ది బాగా అవతల ఉంది. మరి 100 ఇంకా దూరం కదా, తప్పేంటి?

ఒంగోలు_ప్యానెల్:
తప్పు ఎల్‌టీ వైపు, అంటే 433 వోల్టుల వైపు, షార్ట్ అయినప్పుడు తెలుస్తుంది. మీ నేమ్‌ప్లేట్ మీద ఇంపిడెన్స్ (షార్ట్ కరెంటుని అడ్డుకునే లోపలి నిరోధం) 5 శాతం ఉందనుకుందాం. ఎల్‌టీ టెర్మినల్స్ దగ్గర మూడు ఫేజులూ కలిస్తే 11 కేవీ వైపు ఫుల్ లోడుకి 20 రెట్లు, అంటే సుమారు 525 ఆంపియర్లు. కానీ ఒక్క ఫేజే ఎర్త్ అయితే? వైండింగు కనెక్షన్ డెల్టా-స్టార్ కాబట్టి 11 కేవీ వైపు రెండు లైన్లలో 0.577 వంతే కనిపిస్తుంది, 300 చిల్లర. 100 ఆంపియర్ల ఫ్యూజుకి అది మూడు రెట్లే. కరగడానికి సెకన్ల కొద్దీ పడుతుంది, ఈలోగా వైండింగు కాలుతుంది.

ఇంకోటి. ఈ ప్యానెళ్లలో వాడేవి ఎక్కువగా బ్యాకప్ రకం. వాటికి కనీస బ్రేకింగ్ కరెంటు అని ఒకటి ఉంటుంది, క్యాటలాగులో ఐ3 అని రాస్తారు. అంతకన్నా తక్కువ ఫాల్టుని ఆర్పలేక ఫ్యూజే పగిలిపోవచ్చు. రేటింగు పెరిగేకొద్దీ ఐ3 కూడా పెరుగుతుంది. మీకు 63 నయం. ఓవర్‌లోడు సంగతి ఈ ఫ్యూజుకి అప్పజెప్పొద్దు, అది ఎల్‌టీ బ్రేకరు పని. 667 ఆంపియర్లకి సెట్ చేశారో లేదో చూసుకోండి.

ఇందుకూరుపేట_గుంటలు:
అన్నా, లావు ఫ్యూజు మాట వినగానే రాయాలనిపించింది. మా రొయ్యల గుంటల కాడ 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు. రాత్రి రెండింటప్పుడు 11 కేవీ వైపు ఒక హెచ్‌జీ ఫ్యూజు (బయటే ఉండే తీగ ఫ్యూజు) పోయినాది. ఒక ఫేజు బల్బు మామూలుగానే వెలుగుతోంది, మిగతా రెండు ఎర్రగా గుడ్డిగా. ఏరేటర్లు తిరగడంలేదు, గుయ్యిమని మూలుగుతున్నాయి. స్టార్టర్లు ఆపేలోపే రెండు మోటార్లు కాలినాయి. తెల్లారేసరికి రొయ్యలు గట్టు పక్కకొచ్చి తేలినాయి.

ఆ భయంతో ఎవరో చెప్తే ఫ్యూజు తీగ బదులు లైను కండక్టరు పోగు చుట్టించినాం. ఆ ఏడు వానలకి కింద కేబుల్ షార్టయింది. ఫ్యూజు చెక్కు చెదరలా. ట్రాన్స్‌ఫార్మరే పొంగి ఆయిలంతా కారిపోయింది. కొత్తది వచ్చేదాకా రెండు రోజులు జనరేటరు మీదే బతికినాం. ఫ్యూజు పోతుందని ఏడ్చినోళ్లం, పోనందుకు అంతకు పదింతలు ఏడ్చినాం.

కావలి_రిటైర్డ్:
ఆ బల్బుల తేడాని గుర్తుపెట్టుకోండి. పైన ఒక ఫేజు పోతే కింద ఒకటి నిండుగా, రెండు సగం వోల్టేజీలో ఉంటాయి. చూడగానే మోటార్లు ఆపేయాలి. ఎంత తొందరున్నా లైన్ క్లియర్ (లైన్ ఆపారన్న అనుమతి) తీసుకోకుండా, ఎర్త్ చేయకుండా ఫ్యూజు మీద చెయ్యి వేయొద్దు. ఈ మాట ఎన్నిసార్లైనా చెప్తాను.

చీమకుర్తి తమ్ముడూ, మీ ప్యానెల్లో ఫ్యూజు పోయినప్పుడు స్విచ్ దానంతటదే ట్రిప్ అవుతోందా? హెచ్‌ఆర్‌సీ ఫ్యూజుకి ఒక కొసన స్ట్రైకర్ పిన్ను ఉంటుంది, అది తన్ని మూడు ఫేజులూ తెరిపించాలి. ఇంకో మాట, ఒకటి పోయినా మూడూ మార్చాలి. మిగతా రెండింటి లోపలి తీగ సగం దెబ్బతిని ఉండొచ్చు.

చీమకుర్తి_పాలిషింగ్:
సార్, ఆదివారం లైన్ క్లియర్ తీసుకుని తెరిచాం. మేం మార్చిన ఫ్యూజు తిరగేసి ఉంది. స్ట్రైకర్ బాణం గుర్తు కిందికి, ట్రిప్ పట్టీ పైన. పోయిన ప్రతిసారీ పిన్ను గాల్లోకి తన్నుతోంది, స్విచ్ కదల్లేదు. షెడ్డులో లైట్లు డల్ అయ్యేవి అందుకేనని ఇప్పుడు అర్థమైంది. మూడూ ఒకే కంపెనీ 63వి వేశాం, బాణాలన్నీ పట్టీ వైపు. ఎల్‌టీ బ్రేకరు 800 మీద ఉంటే తగ్గించాం. నిన్న రెండుసార్లు కరెంటు పోయి వచ్చింది, నిలిచాయి. ఇంకో మూడు 63లు కొని స్టోరులో పెడుతున్నాను.