అలర్జీకీ చిరాకుకీ ఏమైనా సంబంధం ఉందా?

తుమ్ములరాయుడు: డస్ట్ అలర్జీ ఎనిమిదేళ్లుగా ఉంది. పొద్దున్నే ఇరవై తుమ్ములు తుమ్మాకే పళ్లు తోముకోవడం. అది అలవాటైపోయింది. కొత్తగా వచ్చిందల్లా చిరాకు. మీటింగ్‌లో ఎవరైనా అడిగిందే మళ్లీ అడిగితే కస్సుమంటున్నా. ఇంటికొచ్చాక మాటలే ఉండవు. సైకియాట్రిస్టుకి చూపిద్దామంటోంది మా ఆవిడ. ముక్కుకీ మనసుకీ లింకు ఉందా, లేక సాకు వెతుక్కుంటున్నానా?

నిద్రమొహం: సాకు కాదండీ. ముందు నిద్ర ఎలా ఉందో చూసుకోండి. నేను ఎనిమిది గంటలు పడుకున్నా, లేచేసరికి ఒళ్లు పడుకోనట్టే ఉండేది. ముక్కు బిగుసుకుపోయి నోటితో గాలి పీల్చడం, మధ్యమధ్య మెలకువలు. డిప్రెషనే అనుకున్నా. డాక్టర్ రాసిన స్టెరాయిడ్ స్ప్రే రోజూ వాడితే రెండో వారానికి తేడా తెలిసింది. రెండ్రోజులకే పనిచేయట్లేదని మానేయకండి. వెంటనే ముక్కు తెరిచే ఆక్సీమెటాజొలిన్ చుక్కలు వేరు, అవి రోజుల తరబడి వాడితే ముక్కు ఇంకా మూసుకుపోతుంది. నేనూ ఆ గోతిలో పడ్డాను లెండి.

మందులషాపు: ఇంతకీ ఏ మాత్ర వాడుతున్నారు? మెదడులో మనల్ని మెలకువగా ఉంచే రసాయనాల్లో హిస్టమిన్ ఒకటి. క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాత అలర్జీ మందులు మెదడు దాకా వెళ్లి దాన్ని అడ్డుకుంటాయి, అందుకే మర్నాడు కూడా మత్తు వదలదు. సెటిరిజిన్‌తో తక్కువే, కానీ కొందరికి ఉంటుంది. ఫెక్సోఫెనడిన్ మెదడులోకి దాదాపు వెళ్లదు.

తుమ్ములరాయుడు: లెవోసెటిరిజిన్, మాంటెలుకాస్ట్ కలిపిన మాత్ర, రాత్రిపూట. నెలల నుంచీ వేసుకుంటున్నా.

మందులషాపు: అయితే ఆగండి. మాంటెలుకాస్ట్ మీద 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. కోపం, పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల దాకా రావచ్చని. ముక్కు అలర్జీకైతే వేరే మందులు పనిచేయనప్పుడో, పడనప్పుడో మాత్రమే వాడమంది. అందరికీ ఇలా అవ్వదు, మీకు కారణం ఇదేనని నేను చెప్పలేను. మాత్ర ఎప్పుడు మొదలైందో, చిరాకు ఎప్పుడు మొదలైందో రాసుకుని ఈ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ మందు ఆస్తమాకీ ఇస్తారు, కాబట్టి ఆస్తమా ఉంటే మాత్రం అడక్కుండా ఆపొద్దు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

దద్దుర్లక్క: నాకైతే ఇది రివర్స్‌లో ఉంటుంది. టెన్షన్ పెరిగితే దద్దుర్లు ఎక్కువవుతాయి, గోకి గోకి నిద్ర చెడుతుంది, మర్నాడు ఇంకా టెన్షన్. దురదకి సెలవడిగితే నవ్వుతారని జ్వరమని చెప్పేదాన్ని. ఆ అబద్ధం దద్దుర్లకంటే ఎక్కువ బాధపెట్టింది.

ఒకరు: నాది ఫుడ్ అలర్జీ. బయట తిన్నాక గుండె దడదడలాడితే అది రియాక్షనో, భయమో అర్థం కాదు. ఏ లక్షణానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ వేసుకోవాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకున్నాక భయం సగం తగ్గింది.

తుమ్ములరాయుడు: పాత బిల్లులు తీశాను. మాత్ర మొదలుపెట్టింది ఫిబ్రవరిలో. గురువారం అపాయింట్‌మెంట్. మా ఆవిడ కూడా వస్తుందట. నా చిరాకు తేదీలన్నీ తన దగ్గరే ఉన్నాయంటోంది.