పికప్ వెనక కుంగిపోతోంది, పట్టీలకు (లీఫ్ స్ప్రింగులకు) తోడు కాయిల్ హెల్పర్ (బరువులో కొంత మోసే అదనపు చుట్ల స్ప్రింగు) వేయొచ్చా?

సెమిలిగుడ లోడ్లు

అందరికీ నమస్కారం. బండి బొలేరో పికప్, 1.3 టన్నులది. సెమిలిగుడ, పొట్టంగి వైపు అల్లం, కూరగాయలు ఎక్కించుకుని సుంకి ఘాటు దిగి సాలూరు, విజయనగరం వెళ్తుంది. వచ్చేటప్పుడు సగం ట్రిప్పులు ఖాళీయే.

లోడ్ పెట్టగానే వెనక బాగా కుంగుతోంది. చిన్న గుంతలో పడినా బంప్ రబ్బరు (యాక్సిల్ ఛాసిస్‌కి తగలకుండా ఆపే రబ్బరు దిమ్మ) కొట్టుకుంటోంది. రాత్రి పూట హెడ్‌లైట్లు పైకి లేచి, ఎదురొచ్చే బళ్ళవాళ్ళు డిప్పర్ కొడుతున్నారు.

సిమెంటు నేల మీద నిలబెట్టి, టైర్లలో గాలి సరిచూసుకుని తీసిన కొలతలు ఇవి. ఖాళీ బండికి బంప్ రబ్బరుకీ యాక్సిల్‌కీ మధ్య ఖాళీ కుడి వైపు 105 మి.మీ., ఎడమ వైపు 85. తొట్టిలో 900 కిలోలు వేస్తే కుడి వైపు 15 మిగిలింది, ఎడమ వైపు ఆనిపోయింది.

ఇక్కడి మెకానిక్ యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఒక జత కాయిల్ స్ప్రింగులు పెట్టి, కప్పులు (కాయిల్ చివరలు కూర్చునే గిన్నెలు) ఛాసిస్‌కి వెల్డింగ్ కొట్టేస్తానంటున్నాడు. వేయించొచ్చా? లేక పట్టీ ఒకటి ఎక్కువ వేయించాలా? ఖాళీగా వచ్చేటప్పుడు బండి ఎగిరెగిరి పడకూడదు.

సాలూరు పట్టీలు

అన్నా, హెల్పర్ సంగతి తర్వాత. ముందు ఆ ఎడమ వైపు 20 మి.మీ. తేడా ఎందుకొచ్చిందో తేల్చండి. రోడ్డు వాలు వల్ల ఎడమ పట్టీల మీద కాస్త ఎక్కువ బరువు పడటం మామూలే. అయితే దానివల్ల 20 తేడా రాదు. పట్టీ విరిగిన బండికి కాయిల్ పెడితే, విరిగింది కనబడకుండా కప్పెట్టినట్టే.

పట్టీల కట్టని వైర్ బ్రష్షుతో శుభ్రంగా రుద్ది, అంచుల వెంట డీజిల్ పోయండి. పావుగంట ఆగి పొడిగుడ్డతో తుడిచేసి సుద్దముక్క రాయండి. పగులు ఉంటే లోపల దిగిన డీజిల్ పైకి వచ్చి, తెల్లటి సుద్ద మీద సన్నటి నల్లగీత తేలుతుంది. సెంటర్ బోల్టుకు (పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టేది) అటూ ఇటూ, క్లిప్పుల దగ్గరా ముఖ్యంగా చూడండి. విరిగేది ఎక్కువగా అక్కడే.

తర్వాత ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు వైపులా టేపు పట్టండి. స్టీరింగ్ తిన్నగా ఉండాలి. 5 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ జరిగిందేమోనని అనుమానించాలి. కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు వదులైతే మొదట తెగేది అదే. షాకిల్ (పట్టీ చివరని ఛాసిస్‌కి వేలాడదీసే కొక్కెం) బుష్షులు కూడా చూడండి, అవి అరిగినా ఒక పక్క వాలుతుంది.

పట్టీలు కొట్టించి కమాను తెప్పిస్తామనే వాళ్ళున్నారు. చల్లగా కొట్టించింది కొన్నాళ్ళకే మళ్ళీ దిగుతుంది. గ్యాస్‌తో ఎర్రగా కాల్చి వంచితే ఉక్కు టెంపర్ పోతుంది, అది ఇంకా చెడ్డ పని. మార్చాల్సి వస్తే కొత్త పట్టీయే వేయించండి, రెండు వైపులా ఒకేసారి. యూ బోల్టులు కూడా కొత్తవే. పాతవి ఒకసారి సాగాక మళ్ళీ బిగువు నిలుపుకోవు.

జయపురం టూల్‌బాక్స్

పైన చెప్పింది అయ్యాకే ఇది చదవండి.

మీ కుడి వైపు కొలత మంచి ఆధారం. 900 కిలోలకు 90 మి.మీ. దిగింది. బరువంతా వెనక యాక్సిల్ మీదే పడిందనుకుంటే రెండు కట్టలూ కలిపి మి.మీ.కి 10 కిలోలు, అంటే ఒక్కో మి.మీ. దిగడానికి 10 కిలోల బరువు కావాలి. దీనికి ఒక్కోటి మి.మీ.కి 2 కిలోల కాయిల్ జత చేరిస్తే మొత్తం 14 అవుతుంది. మొదటి నుంచీ ఆనుకుని ఉండేలా పెడితే అదే లోడ్‌కి 64 మి.మీ. దిగుతుంది. కానీ మీకు ఖాళీ ప్రయాణం మెత్తగా ఉండాలి కాబట్టి, ఖాళీ బండికి కాయిల్ పైభాగానికీ పై కప్పుకీ మధ్య 15 మి.మీ. సందు వదలండి. అప్పుడు మొదటి 15 మి.మీ.లో పట్టీలే 150 కిలోలు మోస్తాయి. మిగతా 750కి కాయిల్ కూడా కలిసి 54 దిగుతుంది. మొత్తం 69. అంటే బంప్ రబ్బరు దగ్గర ఇప్పుడు మిగిలే 15కి బదులు 36 మి.మీ. మిగులుతుంది. కాయిల్ జత మోసేది దాదాపు 215 కిలోలే. హెల్పర్ అనేది ఇంతవరకే. 'అర టన్ను ఎక్కువ వేసుకోవచ్చు' అని ఎవరైనా అంటే నమ్మకండి.

మి.మీ.కి 2 కిలోలు అంటే ఎలాంటి కాయిల్ అడగాలో చెప్తాను. తీగ మందం 10 మి.మీ., బయటి వ్యాసం 100, పని చేసే చుట్లు 7, పైనా కిందా మూసిన చుట్లు ఒక్కొక్కటి. విడిగా ఉన్నప్పుడు పొడవు 220. పూర్తిగా నొక్కుకుపోతే చుట్టు మీద చుట్టు పడి 90 మి.మీ. అవుతుంది. ఈ 90 దగ్గరే చాలామంది దెబ్బ తింటారు. బంప్ రబ్బరు ఆగకముందే కాయిల్ పూర్తిగా నొక్కుకుంటే అది స్ప్రింగు కాదు, ఇనుప దిమ్మ. ఆ దెబ్బంతా కప్పు మీదా ఛాసిస్ మీదా పడి బోల్టులు తెగడమో ఛాసిస్ పగలడమో జరుగుతుంది. అందుకని ఖాళీ బండికి కింది కప్పు నుంచి పై కప్పుకి ఎంత దూరం కావాలంటే: బంప్ ఖాళీ 105, రబ్బరు నలిగేది ఒక 25, కాయిల్ 90, భద్రతకి 15. మొత్తం 235 మి.మీ. మీ బండి కింద అంత చోటు కుదరకపోతే ఆ కాయిల్ మీ బండిది కాదు, పొట్టిది చూసుకోవాలి. ఉన్నదాన్నే కోయించి పొట్టి చేయొద్దు. 7 చుట్లలో ఒకటి పోతే దాదాపు 17 శాతం గట్టిపడుతుంది, పైగా కోసిన చివర కప్పులో చదునుగా కూర్చోదు.

ఛాసిస్‌కి వెల్డింగ్ అన్న మాట మాత్రం మెకానిక్‌తో వద్దని చెప్పండి. పట్టీల బరువు ఛాసిస్ మీదకి ముందూ వెనకా ఉన్న హ్యాంగర్ల (పట్టీల చివరలు తగిలించే బ్రాకెట్ల) దగ్గర దిగుతుంది, కంపెనీ అక్కడ గట్టిగా కట్టింది. మధ్యలో ఆ బలం ఉండేది బంప్ రబ్బరు బ్రాకెట్ ఉన్న చోటే. పై కప్పు దాని పక్కనే రావాలి. 6 మి.మీ. ప్లేటుతో, మూలలో బలానికి అడ్డ ముక్క వేసిన బ్రాకెట్ చేయించి, ఛాసిస్ నిలువు గోడకి ఉన్న పాత రంధ్రాల్లో ఎం12, 8.8 గ్రేడు బోల్టులతో, నైలాక్ నట్లతో (ఊపుకి వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) బిగించండి. పై అంచుకీ కింది అంచుకీ రంధ్రం పెట్టకూడదు, పగులు మొదలయ్యేది అక్కడి నుంచే. కింది కప్పుని యాక్సిల్ గొట్టానికి యూ క్లాంపుతోనే పట్టించండి. గొట్టం మీద వెల్డింగ్ కొడితే అది వంకర తిరిగి సీలు కారడం, బేరింగు పోవడం మొదలవుతుంది.

పర్లాకిమిడి లైను

టూల్‌బాక్స్ గారి లెక్క బాగుంది, ఒక్కచోట నాది వేరే అభిప్రాయం. రోజూ లోడ్‌తోనే తిరిగే బండికి కాయిల్ వద్దు, పట్టీ వేయించడమే మేలు. ఒకే మందం పట్టీలు అయిదు ఉన్న కట్టకి ఆరోది కలిపితే దాదాపు 20 శాతం గట్టిపడుతుంది, విడి బ్రాకెట్ల గొడవ ఉండదు. పొడవు సెంటర్ బోల్టు, పొడవు యూ బోల్టులు కావాలి, అంతే. పట్టీల మధ్య రాపిడి ఊపుని కొంత ఆపుతుంది కూడా. కాయిల్‌కి ఆ గుణం లేదు, ఊగడం ఆపేది షాకబ్జర్ ఒక్కటే. నూనె కారుతున్న షాకబ్జర్లతో కాయిల్ వేస్తే ఘాటు మలుపుల్లో వెనక భాగం పడవలా ఊగుతుంది. మీకు సగం ట్రిప్పులు ఖాళీ కాబట్టి సరే, సందు వదిలిన కాయిల్ నప్పుతుంది.

వేస్తే మాత్రం కాయిల్‌ని ఒక చివరే కట్టాలి, కింది కప్పుకి. రెండు చివరలూ బిగిస్తే చక్రం గుంతలో వేలాడినప్పుడు కాయిల్ సాగుతుంది, క్లిప్పులు ఊడిపోతాయి. పై కప్పు లోతుగా ఉండి మధ్యలో ఒక గైడు గొట్టం కిందికి దిగాలి, అప్పుడు కాయిల్ పక్కకి తప్పుకోదు. బిగించాక ఛాసిస్‌ని జాకీ మీద లేపి, చక్రాలు పూర్తిగా వేలాడదీసి, కాయిల్ ఇంకా గైడు దాటకుండా ఉందో లేదో చూడండి. అదే సమయంలో బ్రేకు హోసు కాయిల్‌కి రాసుకుంటోందేమో, సైలెన్సర్ గొట్టం దగ్గరగా ఉందేమో చూడండి.

అల్లం బస్తాలు ఎక్కడ పేరుస్తున్నారో కూడా గమనించండి. డాలా (తొట్టి వెనక తలుపు) వైపు ఎక్కువ పేరిస్తే యాక్సిల్ వెనకాల పడే ప్రతి కిలో ముందు చక్రాలను తేలిక చేస్తుంది. హెడ్‌లైట్లు పైకి లేవడంలో దాని వాటా కూడా ఉంటుంది. బరువైన బస్తాలు క్యాబిన్ గోడకి ఆనించి మొదలుపెట్టండి.

సెమిలిగుడ లోడ్లు

సుద్ద పరీక్షలో దొరికింది. ఎడమ వైపు రెండో పట్టీ, సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర అడ్డంగా పగిలింది. రెండు వైపులా రెండో పట్టీలు, యూ బోల్టులు కొత్తవి వేయించాను. ఇప్పుడు ఖాళీ బండికి 106, 104. షాకబ్జర్లు పొడిగానే ఉన్నాయి. కప్పుల మధ్య 238 దాకా చోటు దొరుకుతోంది.

రెండు సందేహాలు. 10 మి.మీ. తీగ కాయిల్ దొరకలేదు, అదే బయటి వ్యాసం, అదే పొడవు, అన్నే చుట్లున్న 12 మి.మీ.ది ఉంది, 'ఇంకా గట్టిది, మంచిదే' అంటున్నారు. రెండోది, వెనక యాక్సిల్ నుంచి ఛాసిస్ మీదున్న చిన్న వాల్వుకి ఒక సన్న కడ్డీ వెళ్తోంది. అది కింది కప్పుకి అడ్డొస్తోంది. కొంచెం వంచేయొచ్చా?

జయపురం టూల్‌బాక్స్

12 తీగ వద్దు. రెండు మి.మీ.లే కదా అనిపిస్తుంది. గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బయటి వ్యాసం అదే కాబట్టి చుట్టు కూడా కాస్త బిగుస్తుంది. మి.మీ.కి 2 కాదు, 4.4 కిలోల దాకా వెళ్తుంది. అది పూర్తిగా నొక్కుకుంటే 108 మి.మీ., మీ 238లో భద్రతకి వదిలిన 15 పూర్తిగా పోతుంది, కాయిల్ బంప్‌కంటే ముందే దిమ్మ అవుతుంది. పెద్ద గుంతలో బంప్ రబ్బరు పూర్తిగా నలిగేదాకా దిగితే ఒక్కో బ్రాకెట్ మీద 230 కిలోలకు బదులు 490 దాకా పడుతుంది. స్ప్రింగులు చుట్టేవాళ్ళ దగ్గర కొలతలు చెప్పి 10 తీగతో చేయించండి.

ఆ కడ్డీ జోలికి అస్సలు వెళ్ళొద్దు. కప్పునే జరపండి.

సాలూరు పట్టీలు

ఆ కడ్డీ లోడ్ సెన్సింగ్ వాల్వుది. వెనక ఎంత కుంగితే బండిలో అంత బరువుందని దానికి తెలుస్తుంది, దాన్నిబట్టి వెనక బ్రేకులకు ఒత్తిడి వదులుతుంది. ఖాళీ బండికి తక్కువ వదులుతుంది, లేకపోతే వానలో వెనక చక్రాలు పట్టేసి తోక తిరుగుతుంది.

ఇప్పుడు మీ హెల్పర్ ఏం చేస్తుందో చూడండి. 900 కిలోలు ఉన్నా బండి ఇదివరకటికంటే 21 మి.మీ. ఎత్తున నిలబడుతుంది. వాల్వుకి మాత్రం లోడ్ తక్కువున్నట్టు కనబడుతుంది, వెనక బ్రేకు తగ్గిస్తుంది. సుంకి ఘాటు దిగేటప్పుడు ఆ భారం ముందు బ్రేకుల మీద పడి అవి కాగిపోతాయి. 15 మి.మీ. సందు వదిలారు కాబట్టి ఖాళీ ఎత్తు మారదు, ఖాళీ సెట్టింగు సరిగ్గానే ఉంటుంది. లోడ్ మీద సంగతే తేల్చాలి. కడ్డీని అందాజాగా వంచడం, పొడవు మార్చడం చేయొద్దు. కంపెనీ సర్వీసులో ముందు, వెనక లైన్లకు ప్రెషర్ గేజీలు పెట్టి సెట్ చేస్తారు. కాయిల్ వేశామని చెప్పి, లోడ్‌తోనే తీసుకెళ్ళి చేయించండి. అది అయ్యేదాకా ఘాటులో పూర్తి లోడ్ వేయకండి.

బోల్టులు మొదటి 100 కి.మీ.కి ఒకసారి, 500కి ఒకసారి మళ్ళీ బిగించాలి. కొత్త యూ బోల్టులు కూడా అప్పుడే, చక్రాలు నేల మీద ఉండగా, అడ్డదిడ్డంగా కాకుండా ఎదురెదురు మూలలు మార్చి మార్చి. ఎంత టార్కు అనేది మీ బండి పుస్తకంలో ఉన్నదే పట్టుకోండి.

పర్లాకిమిడి లైను

ఒకసారి కాటా మీదకి పూర్తి లోడ్‌తో తీసుకెళ్ళి, మొత్తం బండి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి తూయించండి. మొత్తం బరువుని ఆర్‌సీలో రాసిన దానితో పోల్చండి. కాయిల్ వేసినంత మాత్రాన ఆ అంకె పెరగదు. అది దాటితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. వెనక బరువుని టైరు గోడ మీది లోడ్ అంకెతో పోల్చండి. 106 అని ఉంటే ఒక్కో టైరుకు 950 కిలోలు, 100 అని ఉంటే 800. మీ బండికి వెనక రెండే టైర్లు, కాబట్టి ఆ అంకెకి రెట్టింపే వెనక యాక్సిల్‌కి హద్దు.

హెడ్‌లైట్లు ఆఖరున, లోడ్ వేసి గోడ ముందు నిలబెట్టి చూసుకోండి.