లూసిన్ ఎక్కువ వచ్చిన పసిబిడ్డ: ప్లాస్మా అమినో యాసిడ్స్ శాంపిల్ ఎలా పంపాలి?

ప్రశ్న:
ఆరు రోజుల బాబుకి మడమ నుంచి తీసిన రక్తపు చుక్కల కార్డు పరీక్షలో "లూసిన్ + ఐసోలూసిన్" (ప్రోటీన్‌లో ఉండే అమినో యాసిడ్లు) ఎక్కువ వచ్చింది. డాక్టరు గారు ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే రక్తపు ద్రవం) అమినో యాసిడ్స్, ఆలోఐసోలూసిన్‌తో (ఐసోలూసిన్‌కి మారు రూపం) సహా రాశారు. మాది జిల్లా ల్యాబ్, శాంపిల్ హైదరాబాద్ పంపాలి. ఏ ట్యూబు, ఎంత రక్తం? ఫాస్టింగ్ ఉంచాలా? బాబు నిన్నటి నుంచి పాలు సరిగ్గా తాగట్లేదు.

జవాబు 1:
పాలు తాగట్లేదన్న మాట ముందు డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పండి. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ (లూసిన్ లాంటి అమినో యాసిడ్లని ఒళ్ళు విరగ్గొట్టలేని పుట్టుక జబ్బు) అయితే లూసిన్ మెదడుకి ఎక్కుతుంది, గంటలు కూడా లెక్కే. శాంపిల్ తీయగానే వైద్యం మొదలవ్వాలి, రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు.

ఫాస్టింగ్ వద్దండి. కడుపు మాడితే ఒంట్లో కండ కరిగి లూసిన్ ఇంకా పెరుగుతుంది. మళ్ళీ పాలు పట్టే ముందు తీస్తే చాలు.

హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ఉన్న గ్రీన్ టాప్ ట్యూబులో 1 మి.లీ. సిర రక్తం. వెంటనే ఐసులో పెట్టి, గంటలోపు సెంట్రిఫ్యూజ్ చేసి (యంత్రంలో గిర్రున తిప్పి), తెల్లకణాల పొరకి పిపెట్ తగలకుండా పైన ప్లాస్మా మాత్రమే తీసి ఫ్రీజ్ చెయ్యండి.

జవాబు 2:
సూదితోనే ట్యూబులోకి గట్టిగా నెడితే ఎర్రకణాలు పగులుతాయి. వాటిలోని ఆర్జినేజ్ అనే ఎంజైము వల్ల ఆర్జినిన్ అనే అమినో యాసిడ్ తగ్గి ఆర్నితిన్ పెరుగుతుంది. వేడికి నిలవ ఉంటే గ్లుటమిన్ తగ్గి గ్లుటమేట్ పెరుగుతుంది. ప్లాస్మా ఎర్రగా ఉంటే మళ్ళీ తీయడం మేలు. బిడ్డ నీరసంగా ఉంటే మాత్రం ఆగకండి, "హీమోలైజ్డ్" (ఎర్రకణాలు పగిలాయి) అని రాసి పంపండి.

కార్డు పరీక్షతో ఎందుకు తేలదంటే, లూసిన్, ఐసోలూసిన్, ఆలోఐసోలూసిన్, హైడ్రాక్సీప్రోలిన్ నాలుగూ మాస్ స్పెక్ట్రోమీటర్‌కి (అణువుల బరువు కొలిచే యంత్రం) ఒకే బరువుగా కనిపిస్తాయి. కాలమ్‌లో (పదార్థాలని వేరుచేసే గొట్టం) విడదీస్తేనే ఏది ఏదో తెలుస్తుంది. ఆలోఐసోలూసిన్ 5 మైక్రోమోల్/లీటర్ దాటితే మేపుల్ సిరప్ యూరిన్ డిసీజే. హైడ్రాక్సీప్రోలిన్ ఒక్కటే ఎక్కువైతే సాధారణంగా హాని లేదు.

అమినో యాసిడ్ డ్రిప్ నడుస్తుంటే ఫారంలో తప్పక రాయండి, దానివల్లా లూసిన్ పెరుగుతుంది.

ప్రశ్న వేసినవారు:
ఫ్రీజ్ చేసిన ప్లాస్మా పంపడానికి డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) దొరక్కపోతే?

జవాబు 1:
థర్మాకోల్ పెట్టెలో గడ్డకట్టిన జెల్ ప్యాకుల మధ్య పెట్టి, మనిషి చేత అదే రోజు పంపండి. ప్లాస్మా వేరు చేశాకే సుమా, మొత్తం రక్తాన్ని ఎప్పుడూ ఫ్రీజ్ చేయొద్దు. చెవి గులిమిలోనో మూత్రంలోనో మాడిన పాకం వాసన ఉంటే ఆ మాటా డాక్టరు గారికి ఇప్పుడే చెప్పండి.