దమ్ము చేసిన ట్రాక్టర్ గేరుబాక్సులో ఆయిలు తెల్లబడుతోంది, సీళ్లు మార్చినా ఆగడం లేదు

ప్రశ్న – నిడదవోలు దగ్గరి నుంచి

అందరికీ నమస్కారం. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేసి ఏడాదిన్నరగా ఒక అద్దె యంత్రాల కేంద్రంలో పనిచేస్తున్నాను. నాలుగు ట్రాక్టర్లు, రోటవేటర్లు, ఒక వరికోత యంత్రం, వీటన్నిటి బాగోగులు నావే. సార్వా దమ్ములు (నాట్లకు ముందు నీరు పెట్టిన చేలను బురదగా దున్నే పని) మొదలైన పది రోజులకే రెండు ట్రాక్టర్ల వెనక గేరుబాక్సులో ఆయిలు పాడైంది. ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ తీస్తే మజ్జిగలో ముంచినట్టు తెల్లగా వస్తోంది. అదే ఆయిలుతో వెనక పనిముట్లను ఎత్తే లిఫ్టు కుదుపుతో లేస్తోంది. రెండు వైపులా యాక్సిల్ సీళ్లు (ఇరుసు చుట్టూ ఆయిలు కారకుండా ఆపే రింగులు), రోటవేటర్‌ను తిప్పే పీటీవో షాఫ్ట్ సీలు కొత్తవి వేయించి ఆయిలంతా మార్చాం. 40 గంటలు నడిచాయో లేదో, రెండింటికీ మళ్లీ అదే తెలుపు. నింపిన ప్రతిసారీ ఒక్కో బండికి 40 లీటర్లు పోయాలి. ఇక యజమానికి ఏమని చెప్పాలో తెలియడం లేదు. నాట్లకు ఇంకా మూడు వారాల పని ఉంది. నీరు ఎక్కడి నుంచి చేరుతోంది?

జవాబు – భీమవరం నుంచి

ముందు అది నీరేనా అన్నది తేల్చుకోండి. గాలి కలిసి నురగ పట్టినా ఆయిలు తెల్లగానే కనిపిస్తుంది. గాజు సీసాలో కొంచెం పట్టి ఒక గంట కదపకుండా ఉంచండి. నురగైతే తేరుకుంటుంది, నీరైతే తెలుపు అలాగే ఉంటుంది. ఇంకా అనుమానముంటే బాగా కాగిన పెనం మీద ఒక్క చుక్క వేయండి, ముఖం దూరంగా పెట్టుకుని. చిటపటమంటే నీరున్నట్టే.

తరువాత మూడు సంగతులు చెప్పండి. మధ్యాహ్నం భోజనాల వేళ ట్రాక్టర్ ఎక్కడ ఆగుతోంది? సాయంత్రం ఎప్పుడు, ఎక్కడ కడుగుతున్నారు? గేరుబాక్సు బ్రీదర్, అంటే లోపలికీ బయటికీ గాలి ఆడే రంధ్రం, చివరిసారి ఎవరు శుభ్రం చేశారు?

ప్రశ్న అడిగినవారు

సీసా పరీక్ష చేశాను, పెనం మీద కూడా వేశాను. నీరేనండి. డ్రైవర్లు భోజనానికి వెళ్లేటప్పుడు చేలోనే ఆపేస్తున్నారు. లోతు చేలు, దమ్ము చక్రాలు కూరుకుపోయి ఉంటాయి. సాయంత్రం పని ముగియగానే నేరుగా కాలువలో దించి కడుగుతారు. బ్రీదర్ గురించి నిజంగా నేను చూడలేదు. ఇప్పుడే వెతికాను. లిఫ్టు కవరు మీద చిన్న టోపీలా ఉంది. విప్పి చూస్తే లోపలంతా ఎండిన బురద, గూడు కట్టినట్టు గట్టిపడింది. ఊదితే గాలి అటు పోవడం లేదు.

జవాబు – భీమవరం నుంచి

అదే మీ దొంగ. ఇరవై ఏళ్లుగా ఈ డెల్టాలో ఇదే చూస్తున్నాను. సీళ్లు మారుస్తారు, ఆయిలు మారుస్తారు, బ్రీదర్ జోలికి ఎవరూ వెళ్లరు.

మీరు చదువుకున్నదే, ఒకసారి లెక్క వేసి చూడండి. పనిలో ఉన్నప్పుడు గేరుబాక్సు లోపలి గాలి 80 డిగ్రీలకు వేడెక్కిందనుకుందాం. చల్లటి కాలువ నీటిలో దించితే అది 30 డిగ్రీలకు దిగుతుంది. బ్రీదర్ మూసుకుని ఉంటే బయటి గాలి లోపలికి రాలేదు, కాబట్టి ఒత్తిడి తగ్గాలి. కెల్విన్‌లో 353 నుంచి 303, అంటే దాదాపు 14 శాతం. దానిని నీటి ఎత్తులో చెప్పుకుంటే సుమారు 1.4 మీటర్లు. ఆ లాగుడంతా సీలు అంచు మీదే పడుతుంది. ఆయిల్ సీలును చేసిందే లోపలి ఆయిలును బయటికి పోకుండా ఆపడానికి. బయటి నీటిని లోపలికి పీల్చే బలానికి అది లొంగిపోతుంది. కొత్త సీలైనా అంతే. పని జరుగుతున్నప్పటికంటే, ఆగి చల్లారే అరగంటలోనే నీరు ఎక్కువగా చొరబడుతుంది. కాబట్టి డ్రైవర్‌ని అడిగితే "బాగానే నడిచిందండి" అంటాడు, అది అబద్ధం కాదు.

చేయవలసింది ఇది. బ్రీదర్‌ని డీజిల్‌లో కడిగి, ఊది, గాలి ఆడుతోందని చూసి బిగించండి. వీలైతే ఆ రంధ్రానికి ఆయిలును తట్టుకునే గొట్టం కలిపి సీటు ఎత్తు వరకు తీసుకెళ్లి, కొనను కిందికి వంచి కట్టండి. వారంటీలో ఉన్న బండి అయితే ముందు కంపెనీ వారిని అడగండి. భోజనానికి ఆపితే గట్టు మీదికి తెచ్చి ఆపాలి. సాయంత్రం కనీసం గంట చల్లారాకే కడగాలి, పైపుతో కడిగితే ఇంకా మేలు.

జవాబు – మిర్యాలగూడ నుంచి

పై మాటతో ఏకీభవిస్తాను, కానీ సీళ్ల సంగతి వదిలేయకండి. మా దగ్గర ఒక బండికి బ్రీదర్ శుభ్రంగా ఉన్నా నీరు వచ్చింది. చక్రం విప్పితే యాక్సిల్‌కు చేపల వల నైలాను దారం చుట్టుకుని సీలు అంచుని కోసేసింది. గడ్డి, ప్లాస్టిక్ సంచి, తీగ, ఏదైనా అదే పని చేస్తుంది. రోటవేటర్ పక్కన గేరు పెట్టెకు కూడా ఇదే జబ్బు. రోజూ సాయంత్రం అక్కడ చేయి పెట్టి చూడమని డ్రైవర్లకు చెప్పండి, ఇంజన్ ఆపి, పీటీవో విడదీసిన తరువాతే.

సీలు కొత్తది వేసేటప్పుడు షాఫ్ట్ మీద అంచు కూర్చునే చోట గోరుతో గీసి చూడండి. గోరు తగులుకుంటే అక్కడ గాడి పడిందన్నమాట. ఎన్ని కొత్త సీళ్లు వేసినా లాభం లేదు. సీలు కూర్చునే గూటిలో చోటుంటే దానిని రెండు మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కొట్టండి, అంచు కొత్త చోట ఆనుతుంది. లేదా షాఫ్ట్‌కు పలుచని స్లీవ్ (లోహపు తొడుగు) తొడగాలి. స్ప్రింగ్ ఉన్న వైపు ఆయిలు వైపే ఉండాలి, అంచుకు గ్రీజు రాయాలి, సుత్తితో ఒక పక్క కొట్టకుండా సరైన కొలత పైపు ముక్కతో సమంగా దించాలి.

ఇంకొక మాట. లోపల కడగడానికి డీజిల్ పోసి నడపకండి. అడుగున మిగిలిన డీజిల్ కొత్త ఆయిలును పలచన చేస్తుంది. వేడిగా ఉన్నప్పుడే పాతదంతా దించి, అదే రకం ఆయిలు కొద్దిగా పోసి పది నిమిషాలు తిప్పి దించేయండి. హైడ్రాలిక్ వడపోత జాలీ విప్పి చూడండి, లిఫ్టు కుదుపుకు సగం కారణం అక్కడే దొరుకుతుంది. మీ బండికి ఆయిలులో మునిగి ఉండే బ్రేకులైతే పుస్తకంలో చెప్పిన రకం తప్ప మరొకటి పోయకండి, బ్రేకులు అరుస్తాయి.

ప్రశ్న అడిగినవారు (పన్నెండు రోజుల తరువాత)

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. మొదటి ట్రాక్టర్‌కి బ్రీదర్ శుభ్రం చేసి గొట్టం వేశాం, ఆయిలు మార్చాం. 70 గంటలు దాటింది, డిప్‌స్టిక్ మీద తేనె రంగే ఉంది. రెండవదానికి కుడి యాక్సిల్ మీద గాడి పడింది, గోరు స్పష్టంగా తగిలింది. సీలు జరిపి కొట్టించాను, దానికి ఇంకా 30 గంటలే అయింది. డ్రైవర్లు మొదట ఒప్పుకోలేదు, గట్టుకు రావడానికి పావుగంట పడుతుందన్నారు. తెల్లబడిన ఆయిలు సీసా, మంచి ఆయిలు సీసా పక్కపక్కన షెడ్డు గుమ్మంలో పెట్టాను. ఇప్పుడు వాళ్లే గట్టుకు తెస్తున్నారు.

ఒక్క సందేహం. వచ్చే ఏడాది కొత్త ట్రాక్టర్ కొంటామంటున్నారు. దమ్ముకు ఏది నిలుస్తుందో ముందే తెలిసే మార్గముందా?

జవాబు – భీమవరం నుంచి

ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీ కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. ఆ నివేదికలో హార్స్‌పవర్ పేజీ దగ్గరే ఆగకండి. దమ్ము పనిలో నీరు, బురద చొరబడకుండా సీళ్లు ఎలా నిలిచాయో రాసిన భాగం ఉంటుంది, అది చదవండి. అమ్మేవారిని ఆ నివేదిక ప్రతి అడగండి. అలాగే కొనే ముందు బ్రీదర్ ఎక్కడుందో, చేయి అందుతుందో కూడా చూడండి.