బాబిలోనియా శిల్పులు "ఇది నేను చేయలేదు" అని ఎందుకు ఒట్టేసేవారు?

ప్రాచీన విగ్రహకళ గురించి చదువుతుంటే ఒక సందేహం పట్టుకుంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బాబిలోనియాలో (నేటి ఇరాక్ ప్రాంతం) దేవుడి విగ్రహం తయారయ్యాక 'నోరు కడగడం' అనే క్రతువు జరిగేది. విగ్రహాన్ని నది ఒడ్డున తోటలోకి తీసుకెళ్లేవారు. గొడ్డలి, ఉలి, రంపం లాంటి పనిముట్లను గొర్రె తొడలో పెట్టి నదిలో వదిలేసేవారు. తర్వాత శిల్పుల చేతులకు బట్ట కట్టి, చెక్క కత్తితో నరికినట్టు నటించేవారు. శిల్పులేమో "దీన్ని నేను చేయలేదు, నినిల్దు చేశాడు" అనేవారు. నినిల్దు అంటే వడ్రంగుల దేవుడు. ఒళ్లు వంచి చెక్కినవాడికి ఇదేం బహుమానమో!

ఈజిప్టులో 'నోరు తెరవడం' అనే క్రతువు ఉంది కదా, విగ్రహాలకీ మమ్మీలకీ చేసేది. టుటన్‌ఖామున్ సమాధి గోడమీద చిరుత తోలు కప్పుకున్న ఆయ్ (అతని తర్వాత రాజైనవాడు), ఆ రాజు మమ్మీ ఎదుట బాడిస పట్టుకుని నిలబడి ఉంటాడు. అంటే అక్కడ నదిలో పారేసిన వడ్రంగి పనిముట్టు ఇక్కడ పూజాసామగ్రి అయిందన్నమాట.

నా ప్రశ్న ఇదే: ఈజిప్టు శిల్పులు కూడా ఇలా తమ చేతిపనిని కాదనే ఘట్టం ఏదైనా ఉందా? ఈజిప్టు మంత్రి రెఖ్మిరే సమాధిలో ఈ క్రతువు బొమ్మలు వరుసగా ఉన్నాయి. వాటిలో శిల్పులు ఏం చేస్తున్నారో వివరంగా తెలిసినవాళ్లు ఉన్నారా? మన నేత్రోన్మీలనంతో (విగ్రహానికి కళ్లు తెరిపించే క్రతువు) చుట్టరికం కలిపే జవాబులు మాత్రం వద్దు, ఆధారం ఉంటే తప్ప.