70 కిలోల అత్తను ఒక్కదాన్నే తిప్పేది ఎట్ల? నడుము పట్టేస్తా ఉంది

పాకాల కోడలు:
మా అత్తకు 68 ఏళ్లు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. ఇంటికి తెచ్చి మూడు వారాలు. బరువు 70 కిలోలకు పైనే. మా ఆయన బెంగళూరు నుంచి శని, ఆదివారాలే వస్తాడు, తక్కిన రోజులు నేనొక్కదాన్నే. నవారు మంచం మీద పరుపేసి పడుకోబెట్టినాం. రెండు గంటలకోసారి తిప్పమని చెప్పినారు గానీ ఎట్ల తిప్పాలో చూపించలేదు. చంకల కింద చేతులేసి పైకి లాగతా ఉన్నా. నిన్నట్నుంచి ముడ్డిపూస మీద రూపాయి బిళ్లంత ఎరుపు కనపడతా ఉంది. ముక్కు పైపు పోయిన వారం తీసేసినారు, నీళ్లు తాగితే దగ్గు. సంగటి కావాలంటుంది, పెట్టొచ్చా? చుట్టుపక్కలోళ్లు ఓపిక గల కోడలంటారు. ఓపిక ఉంది, నడుమే లేదు. తెలిసినోళ్లు చెప్పండి.

వార్డు సిస్టర్, తిరుపతి:
అమ్మా, చంకల కింద చేతులేసి లాగడం ఈ రోజే ఆపేయండి. పడిపోయిన చేతి వైపు భుజాన్ని పట్టి ఉంచే కండరాలు వదులైపోయి ఉంటాయి. లాగితే కీలు జారుతుంది, ఆ నొప్పి ఓ పట్టాన పోదు. మీ నడుము పోయేదీ అందులోనే.

నవారు మధ్యలో కుంగుతుంది. గుంతలో ఉన్న మనిషిని తిప్పడమంటే ఎత్తడమే. నవారు మీద గట్టి ప్లైవుడ్ పలక, దాని మీద నాలుగంగుళాల ఫోము పరుపు వెయ్యండి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచండి. రెండు పక్కలా మనిషి నిలబడే జాగా ఉండాలి, గోడకు ఆనించొద్దు. ఇద్దరు పట్టాల్సిన పని ఒక్క ఆడమనిషి చేస్తుంటే మెచ్చుకునేవాళ్లు వీధి నిండా ఉంటారు, నాలుగిటుకలు తెచ్చిచ్చేవాళ్లే ఉండరు.

తిప్పడానికి ఒక పాత నూలు దుప్పటి చాలు. రెండు మడతలేసి భుజాల నుంచి సగం తొడల దాకా వచ్చేలా ఆమె కింద పరిచి ఉంచండి. ఎడమ పక్కకు తిప్పాలంటే ముందు కుడి వైపు నిలబడి, దుప్పటి అంచు శరీరానికి దగ్గరగా చుట్టి పట్టుకుని ఆమెను మీ వైపు జరపండి. ఒకేసారి వద్దు: మొదట తల, భుజాలు, తర్వాత నడుము, చివరికి కాళ్లు. ఆ పక్కన ఒక కుర్చీ అడ్డం పెట్టి ఎడమ వైపుకు రండి. ఆమె ఎడమ చేతిని ఒంటికి దూరంగా జరిపి, కుడి చేతిని పొట్ట మీద పెట్టండి. కుడి మోకాలు వంచి పాదం పరుపుకు ఆనించండి. మీ ఒక చెయ్యి ఆమె కుడి భుజం ఎముక వెనక, రెండోది కుడి తుంటి మీద. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు, మోకాళ్లు కొద్దిగా వంచి మీ బరువును వెనక కాలి మీదికి తెచ్చుకోండి. వంచిన మోకాలు మీటలా పనిచేసి మనిషి దానికదే వాలుతుంది. చేతులతో లాగాల్సి వస్తోందంటే ఆ మోకాలు సరిగా వంగలేదని గుర్తు.

పూర్తిగా పక్కకు పడుకోబెట్టేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలే వాల్చండి. మోకాళ్ల మధ్య ఒక దిండు. పైనున్న కుడి చెయ్యి వేలాడకుండా మోచేతి నుంచి వేళ్ల దాకా ఇంకో దిండు.

ఆ ఎరుపును వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా సమయం ఉంది. నొక్కినా రంగు మారలేదంటే పడక పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు ఒక్కోసారి తెలియదు. పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో ఉందా అని చేత్తో చూడండి. ఎరుపు పోయేదాకా వెల్లకిలా పడుకోబెట్టొద్దు. అన్నం పెట్టడానికి కూర్చోబెట్టినప్పుడు తప్ప ఆ చోట బరువు పడకూడదు. దాని మీద రుద్దొద్దు, లోపల దెబ్బతిన్న కణజాలం ఇంకా నలుగుతుంది. పసుపు, స్పిరిట్, పౌడరు ఏవీ వద్దు. చర్మం చిట్లితే ఇంటి వైద్యం మాని డాక్టరుకు చూపించండి.

ఫిజియో, చిత్తూరు:
సిస్టర్ చెప్పింది సరే. మడమల సంగతి కలుపుతున్నా. చాలామంది గ్లౌజులో నీళ్లు పోసి మడమ కింద పెడతారు, లేకపోతే గుడ్డతో చుట్టకుదురు చేస్తారు. రెండూ వద్దు. కుదురు అంచు చుట్టూ నొక్కుకుని మధ్యలోకి రక్తం పోదు. పిక్కల కింద పొడుగునా దిండు పెడితే మడమలు గాలిలో తేలతాయి. ఆ సందులో మీ అరచెయ్యి దూరాలి.

ఇంకొకటి. తల వైపు ఎత్తగానే మనిషి కిందికి జారుతుంది. ముడ్డిపూస దగ్గర చర్మం పరుపుకు అంటుకుని ఆగిపోతుంది, ఎముక మాత్రం జారుతుంది. ఎరుపు అక్కడే రావడానికి చాలాసార్లు కారణం ఇదే. ముందు మోకాళ్ల కింద దిండు పెట్టి, ఆ తర్వాతే తల ఎత్తండి.

అల్ఫా బెడ్, అంటే పంపుతో గాలి నింపే పరుపు, తీసుకుంటే మంచిది. ఫోము పరుపు మీదే పరచాలి, పంపు కాళ్ల వైపు, పైన ఒక్క నూలు దుప్పటి మాత్రమే. రెగ్జిన్ షీటూ రెండు బొంతలూ వేస్తే దాని పని పోతుంది, మన ఎండలకు వీపంతా చెమట. వారానికోసారి నడుము కింద, బెడ్ అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఎముక చేతికి తగిలితే గాలి చాలట్లేదు. కరెంటు పోతే గాలి దిగుతుంది, అందుకే అడుగున ఫోము తప్పనిసరి. బెడ్ ఉంది కదా అని తిప్పడం మానకూడదు.

ఫిజియో, చిత్తూరు (మింగుడు గురించి):
నీళ్లకు దగ్గు వస్తోందంటే మింగుడు ఇంకా కుదురుకోలేదు. నీళ్లే అన్నిటికన్నా ప్రమాదం, గొంతు మూసుకునే లోపే జారిపోతాయి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రికో రుయాకో మళ్లీ చూపించడానికి వెళ్లినప్పుడు మింగుడు పరీక్ష చెయ్యమని అడగండి. అంతదాకా పల్చటివేవీ వద్దు.

సంగటి ఇప్పుడొద్దు. సంగటిని నమలం, ముద్ద పులుసులో తిప్పి మింగేస్తాం కదా, ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచేది. రాగిజావ నూక లేకుండా వడగట్టి, చెంచా వంచితే ధార కట్టకుండా మెల్లగా జారేంత చిక్కగా కాచండి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది, కాబట్టి పెట్టేముందు మళ్లీ చూసుకోవాలి. మజ్జిగన్నం, చారన్నం కూడా పనికిరావు. అన్నం నోట్లో ఉండగానే నీళ్లు గొంతులోకి పోతాయి. గట్టి పెరుగుతో మెత్తగా పిసికిన అన్నం పర్వాలేదు.

దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా కిందికి దించి, అరచెంచా చొప్పున ఎడమ బుగ్గలో పెట్టండి. గొంతు కదిలిందని చూశాకే ఇంకో చెంచా. తిన్నాక కుడి బుగ్గలో వేలికి గుడ్డ చుట్టి చూడండి, మెతుకులు అక్కడే దాక్కుంటాయి. అర గంట పడుకోబెట్టొద్దు. తిన్న తర్వాత గొంతు గురగురమంటుంటే పెట్టడం ఆపేయాలి. దగ్గు రాకపోయినా లోపలికి పోవచ్చు. జ్వరం, ఆయాసం వస్తే ఊపిరితిత్తులకు చేరినట్టు అనుకుని ఆ పూటే ఆసుపత్రికి.

పాకాల కోడలు:
అందరికీ దండాలు. ఎరుపు నొక్కితే తెల్లబడతా ఉంది. రాత్రి కూడా రెండు గంటలకోసారి లేవాల్సిందేనా? నాకు నిద్ర లేక పగలు చేతులు వణకతా ఉన్నాయి.

వార్డు సిస్టర్, తిరుపతి:
ఎరుపు తగ్గేదాకా రెండు గంటలే. తగ్గి, అల్ఫా బెడ్ కూడా వచ్చాక డాక్టరును అడిగి రాత్రి 10, 2, 6 గంటలకు మార్చుకోవచ్చు. పొద్దున్నే చర్మం చూసి, ఎక్కడైనా నొక్కినా పోని ఎరుపుంటే మళ్లీ పాత లెక్కకే. శని, ఆదివారాల రాత్రులు మీ ఆయనవి, ఇందులో మొహమాటం వద్దు. తిప్పడం ఆయనకూ నేర్పండి.

పొద్దున స్నానానికి, దుప్పట్లు మార్చడానికి గంటసేపు ఒక మనిషిని పెట్టుకోండి. డబ్బు ఎక్కడిదంటారా, మంచానికే పరిమితమైన పక్షవాతం వాళ్లకు ఏపీ ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది, 2024లో పెంచారు. ఇప్పుడు వృద్ధాప్య పింఛను 4,000 వస్తుంటే దాన్ని ఈ కోవలోకి మార్చమని మీ ఊరి సచివాలయంలో అడగాలి. వైకల్యం ధ్రువపత్రం కావాలి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం పారేయకండి.

పాకాల కోడలు:
సరే అక్కా. ఇటుకలు తెప్పించినా. రెండు వరసలా, మూడా?

వార్డు సిస్టర్, తిరుపతి:
వరసలు లెక్కపెట్టొద్దు. మంచం పక్కన నిటారుగా నిలబడి చేతులు కిందికి వదిలితే అరచేతులు పరుపుకు ఆనాలి, అంత ఎత్తు చాలు. ఇటుకలు నిలబెట్టకండి, పడుకోబెట్టండి. ఒక్కో కోడు కింద వరసకు రెండేసి ఇటుకలు, ఒక వరస అడ్డంగా, దాని పైది పొడుగ్గా. కోడు జారకుండా పైన పాత సైకిల్ టైరు ముక్క వెయ్యండి. ఆమె మంచం మీద ఉండగా ఎత్తొద్దు, ఆదివారం మీ ఆయన, ఇంకో ఇద్దరు ఉన్నప్పుడు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తండి.